ఓర్పంటే నోరు మూసుకోవడమా?

"దేవుడి సమయం రావాలమ్మా!" మా కృష్ణా జిల్లా క్రైస్తవ కుటుంబాల్లో ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల ఉండదు. సంబంధం కుదరకపోయినా, కడుపు పండకపోయినా, మొగుడు తాగొచ్చి కొట్టినా ఇదే మాట. మొదటి రెండింటికీ నేనూ తలూపుతాను. మూడోదానికి మాత్రం ఊపలేను.

ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదల కొండ దగ్గర చూడండి. 1924లో ప్రతిష్ఠించిన మేరీమాత దగ్గరికి అన్ని మతాలవాళ్లూ వస్తారు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. మొక్కుకునేవాళ్లు కొందరు, మొక్కు తీర్చుకునేవాళ్లు కొందరు. ఆ రెంటికీ మధ్య ఎన్నేళ్లు గడిచాయో వాళ్లకే తెలుసు. ఆ ఎదురుచూపుని నేను తక్కువ చెయ్యను.

కానీ బైబిల్లో ఎదురుచూసిన ఆడవాళ్లు నోరు మూసుకున్నారా? పిల్లల్లేని హన్నా షిలోహు మందిరంలో ప్రార్థిస్తుంటే, తాగి ఉందనుకున్నాడు యాజకుడు ఏలీ. ఆవిడ ఊరుకోలేదు, కాదని చెప్పింది. లాజరుకి జబ్బని కబురందాక కూడా యేసు రెండు రోజులు ఆగాడు. ఆయన వచ్చేసరికి సమాధి చేసి నాలుగు రోజులు! మార్త ఎదురెళ్లి ఆ ఆలస్యం సంగతి మొహానే అనేసింది. ఆయన కోప్పడలేదు.

దేవుడి ఆలస్యం వేరు, పెద్దలు తప్పించుకోవడానికి వేసే వాయిదా వేరు. మా వీధి అమ్మాయి ఒకతె 2005 నాటి గృహహింస చట్టం కింద కేసు పెట్టింది. ఆదివారం చర్చికీ వెళ్తోంది, వాయిదా రోజున కోర్టుకీ వెళ్తోంది. భర్త మారాలని ప్రార్థన మానలేదు. మారేదాకా ఆ గడప తొక్కనంటోంది.