కుట్టిన చోట సున్నమా?

చీమో దోమో కుట్టి పసిబిడ్డ చెయ్యి ఉబ్బగానే సున్నం రాస్తారు. అది లేకుంటే టూత్‌పేస్టు పూస్తారు. పెద్దల మాటను గౌరవించండి, కానీ సున్నం క్షారమనీ, లేత చర్మాన్ని కాలుస్తుందనీ మరువకండి. మొదటి 2 రోజుల వాపు చాలావరకు అలర్జీయే. దానికి యాంటీబయోటిక్ కోరడమూ పొరపాటే.

సబ్బుతో కడగండి. చల్లని తడిగుడ్డను 10 నిమిషాలు అద్దండి. గోకి పుండు చేసుకోకుండా గోళ్లు కత్తిరించండి. ఆపై ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వైద్యునికి చూపండి.

పెదవులు, నాలుక ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. ఆ వేళ సున్నం కోసం వెతికే ప్రతి నిమిషమూ బిడ్డ ప్రాణానికి ముప్పే.