జీతం లేని ఆసక్తి

హైదరాబాద్ ఫుట్‌బాల్ స్వర్ణయుగం గురించి రాసేవాళ్ళంతా కోచ్ రహీం సాబ్‌తో మొదలుపెడతారు. 1950 నుంచి వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీసు జట్టుని పొగుడుతారు. గొప్పే, కాదనం. కానీ ఆ ఆటగాళ్ళకి పోలీసుశాఖ ఉద్యోగమిచ్చి నెలనెలా జీతమిచ్చిన సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆనాడు ఆడవాళ్ళకి అలాంటి జట్టేది? మగవాళ్ళ జాతీయ సమాఖ్య 1937లో ఏర్పడితే, మహిళలది 1975 దాకా పుట్టనేలేదు. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య దేశానికి ఆడింది. క్లబ్బు కోసం కేరళకీ, 2022లో క్రొయేషియాకీ వెళ్ళింది. అయినా "ఆడపిల్లలకి ఆసక్తి లేదండీ" అంటారు పెద్దమనుషులు. (సమావేశాల్లో ఈ మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి.) జీతం లేకుండా మగవాళ్ళ ఆసక్తి ఎన్నాళ్ళు నిలిచేదో? మైదానం ఇచ్చి, ఉద్యోగాలిచ్చి మహిళా జట్లు పెట్టండి. ఆసక్తి సంగతి అప్పుడు మాట్లాడదాం.