ఓటు మూటగట్టి అప్పజెప్పేది కాదు

సొమ్మొకడిది, సోకొకడిది! 2016ల అమెరికా డెమొక్రాట్ ఓటర్లకు జరిగింది ఇదే. వాల్‌స్ట్రీట్ పైసల రాజకీయం వద్దని బెర్నీ సాండర్స్‌కు సగటున 27 డాలర్ల చందాలిచ్చిన్రు, 1.3 కోట్ల ఓట్లేసిన్రు. జులై 12న ఆయనే, గోల్డ్‌మన్ శాక్స్ ప్రసంగాలకు లక్షల డాలర్లు తీసుకున్న హిల్లరీ క్లింటన్‌కు జై కొట్టిండు. ట్రంప్‌ను ఆపాలన్నడు. ఆగిండా?

పది రోజులకే పార్టీ ఆఫీసు ఈమెయిళ్లు బయటపడ్డయి. తటస్థమన్నోళ్లే సాండర్స్‌ను ఎట్ల దెబ్బతీయాల్నో మాట్లాడుకున్నరు! ఫిలడెల్ఫియా మహాసభల కార్యకర్తలు గొంతెత్తి నిలదీసిన్రు. ఆ నిలదీత ఉత్తగ పోలే. 2018ల పార్టీ పెద్దల సూపర్ డెలిగేట్ ఓటుకు మొదటి రౌండుల కళ్లెం పడ్డది.

నాయకుడు చెయ్యి కలపొచ్చు. జనం నమ్మకాన్ని ఇనాం ఇచ్చే హక్కు ఆయనకెక్కడిది? ముందు షరతు, తర్వాతే జై!