రేవు వచ్చును, బజారు నిలుచునా?

బందరులో నలుగురు కూడినచోట రేవు మాటయే. 2023 మే 22 వ తేదీన పనులు ప్రారంభమైననాటినుండి పురజనుల ఆశలన్నియు సముద్రమువైపు తిరిగియున్నవి. తరతరములుగా కోరిన కోరిక ఫలించుట శుభమే. మేము దానిని శంకించువారము కాము. కాని ఓడలు వచ్చునని తూర్పుదిక్కునకు కన్నులు కాయలు కాయునట్లు చూచుచున్న యీ పట్టణము, తన నడిబొడ్డున కోనేరు సెంటరు చుట్టును అల్లుకొనియున్న అంగడివీథులవైపు ఒకమారైనను తల త్రిప్పి చూచుచున్నదా? రేవునకై మాటలాడువారు వేయిమంది కలరు, బజారునకై మాటలాడువారేరి? పట్టణమునకు రేవు ద్వారము, బజారు గృహము. గృహమును పాడుపెట్టి ద్వారమునకు తోరణములు గట్టుట యేపాటి వివేకము?

ఇది మా కల్పన కాదు. బందరు చరిత్రయే నేర్పుచున్న పాఠము. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను పేళ్లను మనము దినమును పలుకుచునే యున్నాము. వలందలు, పరాసులు, ఆంగ్లేయులు ఇచ్చట దిగి వ్యాపారము సాగించిన గురుతులు గదా యవి! ఆంగ్లేయ కంపెనీవారి ఓడ 1611 లో, గోల్కొండ రాజ్యపు రేవైన యీ తీరమున లంగరు దించినది. వారేల వచ్చిరి? మనకు నాగరకత నేర్పుటకు గాదు. ఈ సీమ అద్దకపు వస్త్రములకై వచ్చిరి. సరకు ముందు పుట్టినది, ఓడ వెనుక వచ్చినది. పనివాడును వర్తకుడును నిలిచియున్నంతకాలము రేవునకు బ్రతుకున్నది.

పిదప నేమైనది? నేతగానికి ముందుగా సొమ్మిచ్చి వాని మగ్గమును తమకు కట్టుబడి చేసికొని, ధర నిర్ణయించు నధికారమును సముద్రము దాటించిరి. అటుపైని సీమ మరవస్త్రము వచ్చి మన అద్దకపు బల్లలను మూల బెట్టినది. 1864 నవంబరు 1 వ తేదీ ఉప్పెన సుమారు 30,000 ప్రాణములను బలిగొన్నది నిజమే. బందరు పతనమునకు మనవారు దానినే కారణముగా చెప్పుదురు. కాని ఉప్పెన గృహములను కూల్చినది. బజారునకు అంతకు ముందే చీడపట్టినది. ధర కట్టువాడు ఊరిలో లేనినాడు ఊరు ఉత్త రేవుబల్లయై మిగులును. దానిమీదుగా సంపద పోవుచుండును గాని దానియందు నిలువదు.

నేటి ఉప్పెనకు హోరు లేదు. అది రెండు త్రోవల వచ్చుచున్నది. ఒకటి బెజవాడ రాజమార్గము. రెండవది మన చేతిలోని ఫోను. మార్గము వెడల్పాయెను, డెబ్బది కిలోమీటర్ల దూరము దూరముగా తోచుట లేదు. పెండ్లిబట్టలకు బెజవాడ, పండుగ నగకు బెజవాడ, కడకు పిల్లవాని పుస్తకముల సంచికిని బెజవాడ! కదలనొల్లనివానికి ఫోనున్నది, గుమ్మములోనికే సరకు వచ్చును. ఈ రెండు త్రోవలను పోవుచున్నది బందరు సొమ్ము. మార్గమునకు రెండు దిక్కులు గలవన్నమాట నిజమే గాని, సొమ్ము పోయినంతగా తిరిగి వచ్చుట మాత్రము కానము.

“కాలము మారినది, చవుకగా దొరకుచోట కొనుట కొనువాని హక్కు, నిలువలేని అంగడి మూతపడవలసినదే” యని కొందరు విజ్ఞులు ఉపదేశించుచున్నారు. వారి నొక్కటి యడిగెదము. ఆ చవుక యెక్కడిది? బందరు వర్తకుడు తన మూలధనముతో, తన వడ్డీతో, తన అద్దెతో వ్యాపారము చేయుచున్నాడు. వాని ప్రత్యర్థి యెన్నియేండ్లు నష్టపడినను చలింపని పెట్టుబడిదారుల అండతో ధర తగ్గించి అమ్ముచున్నాడు. ఇది పోటీయా? ఒకడు తన కాళ్లతో పరుగిడుచుండ వేరొకడు రథమెక్కి, వెనుకబడినవానిని సోమరి యనుట న్యాయమా? ఆధిక్యము గలవాడు పోటీదారును తొలగించుటకై ఖర్చునకు తక్కువగా అమ్మరాదని 2002 నాటి పోటీ చట్టములోని 4 వ సెక్షను చెప్పుచున్నది. విదేశీ పెట్టుబడితో నడచు ఆన్‌లైన్ సంతలు సరకుల ధరలను ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని శాసింపరాదని 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వమువారు ఉత్తరువు చేసిరి. చట్టమునకు కొదువ లేదు. దానిని నడపించు పట్టుదలకే కొదువ.

ఇంకొక్క మాట. ఊరి యంగడిలో చెల్లించిన రూపాయి అక్కడనే ఆగదు. గుమాస్తా జీతమై, హమాలీ కూలియై, దర్జీవాని కుట్టుకూలియై, మరల కూరలబుట్టలోనికి వచ్చును. 2020 లో కరోనా నిర్బంధకాలమున వీథి చివరి కిరాణా కొట్టువాడే గదా అరువిచ్చి అనేక కుటుంబముల పొయ్యి యారకుండ కాపాడినవాడు! అరువు పుస్తకములో పేరు వ్రాసికొన్నవానికి మన ముఖము తెలియును. ఫోనులోని సంతకు మన ఖాతా మాత్రమే తెలియును.

వేరొక తెగవారు కలరు. వారు బజారును ప్రేమింతుమనుచునే దానిని చంపుదురు. వారి మంత్రము “సుందరీకరణము”. తోపుడుబండ్లను తోలివేయుట, బుట్టలవారిని లేవగొట్టుట, రంగురాళ్లు పరచి దీపస్తంభములు నాటుట. ఇదియే వారికి ఉద్ధరణము. జనము లేని వీథి యెంత సుందరమైనను శ్మశానవైరాగ్యమునే పుట్టించును. కూరలవాడు, పూలామె, చేపల బుట్టవారు ఉన్నచోటికే జనము వచ్చును. ఆ జనమే ప్రక్కనున్న బట్టలకొట్టును ఎక్కును. వీథివర్తకుడు అంగడివానికి శత్రువు కాడు, వాకిటి దీపము.

ఇది దయాధర్మముల మాటయు గాదు. 2014 నాటి వీథివర్తకుల చట్టము ప్రకారము సర్వే ముగిసి ధ్రువపత్రము లిచ్చువరకు ఎవరిని లేవగొట్టరాదు. అయిదేండ్లకొక పర్యాయమైనను ఆ సర్వే జరుగవలయును. పట్టణ విక్రయసంఘములో నూటికి 40 కి తక్కువ కాకుండ వీథివర్తకులే యెన్నుకొనిన ప్రతినిధులుండవలయును; వారిలో మూడవవంతు స్త్రీలు. జనాభాలో నూటికి రెండున్నర వంతువరకు వర్తకులకు చోటు చూపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. 2011 జనాభా లెక్కలలో బందరు పురజనులు 1,69,892 మంది. అనగా నాలుగువేల పైచిలుకు వీథివర్తకులకు చోటు చూపుటకు అవకాశమున్నదన్నమాట. ఈ లెక్క యెందరు పురపాలకుల నోట వినబడుచున్నది?

అట్లని వర్తకసోదరులు నిర్దోషులని మేమనము. ధర చీటీ యంటింపరు. బిల్లడిగిన ముఖము ముడుతురు. అమ్మిన వస్తువు చెడినదని తెచ్చినవానిని దొంగను చూచినట్లు చూతురు. కాలిబాట నిండ సరకు పేర్చి, మురుగుకాలువమీద మెట్లు గట్టి, కొనవచ్చిన ముదుసలిని లారీల నడుమకు నెట్టుదురు. పెద్ద దుకాణము గెలుచుచున్నది పెట్టుబడితోనే కాదు. “వద్దన్న వెనుకకు తీసికొందుము” అను ఒక్క మాటతో గూడ. ఆ మాట చెప్పుటకు కోట్లు కావలయునా? స్వదేశి యనగా నాసిసరకును దేశభక్తి పేర అంటగట్టుట కాదు.

బజారును నిలుపుట సాధ్యమా యని సంశయించువారు జపానువైపు చూతురు గాక. ఆ దేశమువారు 1973 లో పెద్ద దుకాణములకు కళ్లెము వేయు చట్టమును చేసిరి. పిమ్మట క్రమముగా సడలించి 2000 లో దానిని రద్దు చేసిరి. ఊరి వెలుపల మహావిపణులు లేచినవి. ఊరి నడుమ తలుపులు దిగిన అంగళ్ల వరుసలకు “షట్టరు వీథులు” అని పేరు పడినది. కడకు 2006 లో, 10,000 చదరపు మీటర్లు మించిన విపణులు ఎక్కడబడిన అక్కడ లేవకుండ మరల చట్టము సవరింపవలసి వచ్చెను. యంత్రవిద్యలో లోకమునకు గురువైన దేశమే “కాలము మారినది” అని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు.

మన యింటి దృష్టాంతములును గలవు. 1999 జనవరి 26 న ఆంధ్రదేశమున రైతుబజారులు ప్రారంభమైనవి. దళారి లేక రైతు కాటాపట్టి కూర్చుండుటకు ఒక నీడ, ఒక బల్ల, ఒక ధరల పలక యిచ్చిన చాలు, జనము తానుగా వచ్చిరి. హైదరాబాదులో 1935 నాటి మొజాంజాహీ మార్కెట్టు శిథిలమగుచుండ, దానిని కూల్చక మరమ్మతు చేయించి 2020 ఆగస్టులో మరల తెరచిరి. నేడది నగరమునకు గర్వకారణము. నీడ, నీరు, శుచి, వెలుతురు. బజారు అడుగునది యింతే.

కావున చేయవలసినది స్పష్టము. పురపాలకులు మొదట విక్రయసంఘమును చట్టప్రకారము నడపవలయును. రంగురాళ్లకు ముందు మురుగుకాలువను, స్త్రీలకు మరుగుదొడ్లను, ముదుసలులు నడచుటకు కాలిబాటను సమకూర్పవలయును. పల్లెలనుండి వచ్చు బస్సు ఊరి యంచున దింపిపోక బజారు దాపునకు రావలయును. రేవు అధికారులు, గుత్తేదారులు తమ పనివారి బియ్యము, పప్పు, దుస్తులు, పనిముట్లలో బందరులో దొరకునదెల్ల బందరులోనే కొనవలయును. ఈ షరతు కాగితముమీదికి ఎక్కించుట ప్రజాప్రతినిధుల విధి. భౌగోళిక గుర్తింపు పొందిన కలంకారీకి, చిలకలపూడి నగకు, బందరు లడ్డునకు ఊరి నడుమనే ఒక నిలయము కావలయును. యంత్రపు అచ్చును కలంకారీయని యమ్మువానికి శిక్ష కావలయును. వర్తకులు ధర చీటీ, బిల్లు, వస్తువు మార్పు అను మూడింటిని వ్రతముగా బూనవలయును. వలసిన తామును కలసి ఫోనులోని సంతకు ఎక్కుదురు గాక. విద్య శత్రువు కాదు, పరాధీనతయే శత్రువు.

ఇక కొనువారలారా! మీకు మేము చెప్పున దొక్కటే. అన్నియు ఇచ్చటనే కొనుడని మేము శాసింపము. బందరులో దొరకునది, బందరులో మంచిదైనది, మొదట బందరులో అడిగి చూడుడు. ఆ మీద మీ యిష్టము.

ఈ పట్టణమునకు అట్టి సంకల్పము క్రొత్త కాదు. 1910 లో జాతీయ కళాశాలను స్థాపించుకొన్న ఊరిది. 1923 లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఒక లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో ఆంధ్రబ్యాంకును ఇచ్చటనే నెలకొల్పిరి. తెలుగువాని పొదుపు తెలుగువాని పనికే రావలెననుట గదా దాని భావము! 2020 ఏప్రిల్ 1 న ఆ బ్యాంకు వేరొక బ్యాంకులో లీనమై ఆ పేరు మరుగుపడినది. పేరు పోయిన పోవుగాక. ఆ బుద్ధి పోయినదా? ఒక వైద్యుడు బ్యాంకును పెట్టగలిగిన యూరిలో, లక్షన్నరకు మించిన జనులు తమ బజారును నిలుపుకొనలేరా?

ఓడలు వచ్చును. అవి వచ్చునాటికి చూపుటకు మనకొక బజారుండవలయును. లేనినాడు ఓడ సరకు దించి పోవును, లారీ సరకు నెత్తుకొని పోవును, బందరు గట్టున నిలిచి ధూళిని చూచుచుండును. ఆ దుర్గతి రాకుండ చూచుట రేవు కట్టువాని పని కాదు, మన పని.