కాలు అతుక్కుపోతే చేయి పట్టి లాగకండి

మీ ఇంట్లో పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న పెద్దవారుంటే ఈ సంగతి మీకు అనుభవమే. హాల్లో బాగానే నడిచిన అబ్బాజాన్ గుమ్మం దగ్గరకు రాగానే ఆగిపోతారు. పాదాలు నేలకు అతుక్కున్నట్టు కదలవు. వెనక నుంచి కొడుకు "త్వరగా రండి అబ్బా, నమాజుకు వేళయింది" అంటాడు. ఇంకొకరు చేయి పట్టి లాగుతారు. మొండికేశారనో, వయసు మీద పడిందనో అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు. లాగితే ఒళ్లు ముందుకు వస్తుంది, పాదాలు రావు. పడితే తుంటి ఎముక విరగవచ్చు.

యునానీలో వణుకుడు జబ్బును రాషా అంటారు. ఆంగ్ల వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని వివరించినప్పుడు వణుకుతో పాటు, మనిషి ముందుకు వంగిపోవడాన్నీ నడక పరుగుగా మారిపోవడాన్నీ కూడా రాశారు. మనం మాత్రం వణికే చేతినే చూస్తాం.

మెదడులో డోపమైన్ తగ్గడంతో, ఆలోచించకుండానే సాగిపోయే నడక దెబ్బతింటుంది. కాళ్లలో బలం లేక కాదు. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు 58 ఏళ్ల రోగి ఒకరి సంగతి ప్రకటించారు. ఆయన నాలుగడుగులు సరిగా వేయలేడు. సైకిలెక్కిస్తే మాత్రం హాయిగా తొక్కుకుంటూ వెళ్లిపోయాడు! (అలాగని మీ వాళ్లను సైకిలెక్కించకండి.)

అంటే ఆగిన నడకకు బయటి నుంచి ఓ ఆనవాలు కావాలి. కంటికి గీత, చెవికి తాళం. బ్రిటన్, బెల్జియం, నెదర్లాండ్స్‌లలో 153 మందికి ఇళ్ల వద్దే మూడు వారాలు ఇలాంటి శిక్షణ ఇచ్చారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం నడక కొంత మెరుగైంది. శిక్షణ ఆగాక కొద్ది వారాల్లోనే ఆ మేలు చాలావరకు తగ్గిపోయింది. నాకు ముఖ్యంగా తోచింది ఇదే. ఫిజియోథెరపిస్టు నాలుగు రోజులు వచ్చి చేయించి వెళితే చాలదు, రోజూ చేయించాల్సింది ఇంట్లోవాళ్లే.

మస్జిదులో సఫ్‌ల కోసం గీసిన గీతలు చూశారు కదా, అలాగే గుమ్మం దగ్గర అడుగు వేసేంత దూరంలో అడ్డంగా రంగు టేపు అతికించండి. గీత దాటమనండి. ఆగిపోతే తొందరపెట్టకండి. ఒక కాలి మీదకు బరువు మార్చమని, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి. నడుస్తుండగా ప్రశ్నలు వేయకండి, చేతికి చాయ్ గ్లాసు ఇవ్వకండి.

యునానీ అభిమానులకు ఒక మాట. దూలగొండి గింజల్లో, అదే తుఖ్మె కౌంచ్‌లో, సహజంగానే లెవోడోపా ఉంది. డాక్టరు రాసే మాత్రలోనూ అదే ఉంటుంది. పొడి తెచ్చి మాత్రతో కలిపి వాడితే మోతాదు మించి తల తిరగవచ్చు, ఒళ్లు అదుపు లేకుండా ఊగవచ్చు. ఆ పొడిని నమ్ముకుని మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఇంకా ప్రమాదం. హకీం గారికైనా, డాక్టరు గారికైనా వాడుతున్నవన్నీ దాచకుండా చెప్పండి.

మాత్ర వేసుకున్న ఎంతసేపటికి నడక బాగుందో, ఏ వేళకు, ఎక్కడ ఆగిపోతున్నారో వారం రోజులు ఒక కాగితం మీద రాయండి. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ కాగితం మరచిపోకండి.