నవ్వు ఎవరి మీద?

దారిన పోయే మనిషి కాలు జారి పడితే చూసేవారికి నవ్వు వస్తుంది. దెబ్బ గట్టిగా తగిలిందని తెలియగానే ఆ నవ్వు ఆగిపోతుంది. ఎందుకు?

ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లో నవ్వును గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. ప్రాణమున్న మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు నవ్వు పుడుతుందని ఆయన సిద్ధాంతం. నవ్వే సమయంలో మనలోని జాలి కాసేపు పక్కకు తప్పుకుంటుంది. నవ్వడం ద్వారా సమాజం మనిషిని సరిదిద్దుతుందని కూడా ఆయన అన్నాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1970లో బి.బి.సి. టెలివిజన్‌లో ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ కార్యక్రమంలో ఒక చిన్న హాస్య నాటిక వచ్చింది. అందులో వింత నడకల కోసం ఏకంగా ఒక మంత్రిత్వ శాఖ ఉంటుంది. సూటు, గుండ్రటి టోపీ ధరించిన అధికారిగా జాన్ క్లీజ్ కాళ్లను పైకి విసురుతూ, మెలితిప్పుతూ ఆఫీసుకు నడిచివెళతాడు. ముఖంలో మాత్రం నవ్వు ఉండదు. తన నడకను వృద్ధి చేసుకోవడానికి ప్రభుత్వ సహాయం కోరుతూ ఒకాయన వస్తాడు. ఆ నడకలో వింత చాలదని అధికారి తేల్చేస్తాడు. నిధుల కొరతను గురించి వాపోతాడు.

క్లీజ్ ఆరడుగులు దాటిన మనిషి. ఆ పొడవాటి కాళ్లే ఆయనకు పనిముట్లు. కాని మనం నవ్వేది ఆ కాళ్లను చూసి కాదు, అర్థంలేని పనిని అతి గంభీరంగా నడిపే అధికార దర్జాను చూసి.

తెలుగులో 2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైన తరువాత ఇటువంటి నాటికలు ఇంటింటికీ చేరాయి. మన హాస్యంలో పొట్టితనం, లావు, నత్తి, ఒంటిరంగు తరచుగా నవ్వుకు సరుకవుతాయి. నవ్వు మనిషిని సరిదిద్దేదే అయితే, పొట్టివాడు సరిదిద్దుకోవలసినది ఏమిటి? దర్జాను వదులుకోవచ్చు, ఎత్తును మార్చుకోలేము కదా!

“హాస్యాన్ని హాస్యంగానే తీసుకోవాలి, ఆ వేషాలతోనే కొందరు కళాకారులు బతుకుతున్నారు” అని కొందరంటారు. ఆ కళాకారుల జీవనం పోవాలని ఎవరూ కోరరు. అయితే ఆ పొట్టి నటుడికే తెలివితో పెద్దమనిషిని బోల్తా కొట్టించే పాత్ర ఇస్తే జనం నవ్వరా? తప్పక నవ్వుతారు. ఆ నాటిక చూసిన పిల్లలు మర్నాడు బడిలో తోటి విద్యార్థిని వెక్కిరించరు కూడా. శరీరంతో నవ్వించడం గొప్ప కళ. శరీరాన్ని చూపి నవ్వించడం ఆ కళ కాదని నా అభిప్రాయం.

ఆలోచించండి: ఈ వారం మీరు చూసిన ఒక హాస్య నాటికను గుర్తుచేసుకోండి. అందులో నవ్వు ఎవరి మీద? ఆ మనిషి మార్చుకోగలిగిన దానిమీదేనా?