డ్యాము లెక్క కంప్యూటరు వేస్తుంది, అంకెలు ఎవరిస్తారు?

ఖాజాగూడ గుట్టల చుట్టూ లేచిన అద్దాల మేడలు చూసి, ఈ కంప్యూటర్ల పని మన సేద్యానికి ఏం అక్కరకొస్తుంది అనుకునే రైతులు చాలామంది. వస్తుంది. మీ కాలువకు నీళ్లిచ్చే డ్యాము నిలుస్తుందా లేదా అన్న లెక్క ఇప్పుడు సాఫ్ట్‌వేరే తేలుస్తోంది.

కాంక్రీటు డ్యాము తన బరువుతోనే నిలబడుతుంది. వెనకున్న నీరు దాన్ని ముందుకు నెడుతుంది. నీటి లోతు రెట్టింపైతే నెట్టే బలం నాలుగింతలవుతుంది, బోర్లా పడదోసే బలం ఎనిమిదింతలు! కంటికి కనపడనిది ఇంకొకటుంది. మీ మడిగట్టు కిందనుంచి పక్క మడిలోకి నీరు ఊరదూ? అలాగే పునాది కింద ఊరే నీరు డ్యామును పైకెత్తుతుంది. ఎత్తినంత మేర బరువు తగ్గినట్టే. అందుకే డ్యాము లోపల సొరంగంలాంటి గ్యాలరీ పెట్టి, ఆ ఊట బయటికొచ్చేలా రంధ్రాలు వేస్తారు.

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌కు ఈ లెక్కలన్నీ చేత్తోనే వేశారు. ఇప్పుడు వరద పెంచి, భూకంపం తెచ్చి, కంప్యూటరులోనే డ్యామును పరీక్షించొచ్చు. మంచిదే. కానీ పొలం మట్టికి బదులు గట్టు మట్టి పంపితే మట్టి పరీక్ష కార్డు ఏం చెబుతుంది? ఇదీ అంతే.

శ్రీశైలమే చూడండి. 2009 అక్టోబరులో సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 885 అడుగులుండాల్సిన నీరు 896 దాటింది. డ్యాము నిలిచింది, సంతోషం. అయితే గేట్ల నుంచి దూకే నీరు ఏళ్ల తరబడి కింద గొయ్యి తవ్వింది. 308 టీఎంసీల జలాశయం పూడికతో 215కు దిగింది. మన నీటి చోటు మింగిన ఆ ఒండ్రే గోడనూ నెడుతుంది. గొయ్యి లోతు, ఒండ్రు ఎత్తు, ఊట కొలత ఈనాటివి కాకుండా కట్టిన నాటివి పెడితే సాఫ్ట్‌వేరు 'భేష్' అనే చెబుతుంది.

కంప్యూటర్ల కాలంలో కట్టిన మేడిగడ్డ (అది డ్యాము కాదు, బ్యారేజీ) పియర్లు 2023 అక్టోబరులో కుంగాయి. డిజైనులోనూ, నాణ్యతలోనూ, నిర్వహణలోనూ లోపాలున్నాయని కేంద్ర డ్యామ్ భద్రతా సంస్థ తేల్చింది.

2021 డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం వానలకు ముందోసారి, తర్వాతోసారి తనిఖీ చేయాలి. ప్రమాదమొస్తే ఏం చేయాలో ముందే ప్రణాళిక ఉండాలి. ఆ కొలతలు తెలుగులో పంచాయతీ బోర్డు మీద ఎందుకు పెట్టరు? జనం భయపడతారట! డ్యాము కింద కాపురముండేది మనమే కదా.

ఈసారి ఇంజనీరు గారు ఊరొస్తే గ్యాలరీ ఊట ఈ ఏడు ఎంత, నిరుడు ఇదే నీటిమట్టానికి ఎంత అని అడగండి. పెరిగితే ఎందుకని అడగండి. తగ్గిందన్నా వదలకండి, రంధ్రాలు సున్నంతో పూడినా ఊట తగ్గుతుంది.